గుర్రాలు పెరిగాయి సరే.. వారంటీ మాటేంటి?

హోసూరులో కాపురం, బెంగళూరులో ఉద్యోగం. చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్న తెలుగు కుర్రాళ్లకు ఇప్పుడు బండి అంటే ఊరికే తిరిగేది కాదు, పరుగెత్తేది కావాలి. లోనో అప్పో చేసి స్పోర్ట్స్ కారు కొంటారు. ఆరు నెలలు తిరక్కుండానే స్నేహితుల ప్రశ్న మొదలవుతుంది. ‘ఏం మచ్చా, ఇంకా రీమ్యాప్ చేయించలేదా?’ షెడ్డుకు తీసుకెళ్తే ల్యాప్‌టాప్ తగిలించి ఒక్క పూటలో పని ముగిస్తారు. బోల్టు ఒక్కటీ విప్పరు. అయినా బండి మారిపోతుంది. కాలు నొక్కగానే మనిషి సీటుకు అతుక్కుపోతాడు. ఆ మజా అబద్ధం కాదు. కాకపోతే ఆ పూటలోనే చేజారిపోయేది ఇంకొకటుంది. అదే కంపెనీ వారంటీ.

ట్యూనింగ్ అంటేనే పోకిరీ పని అని కొట్టిపారేయడం తేలిక. అది సరికాదు. సొంత డబ్బు, సొంత బండి, సొంత సరదా. అయితే ఆ సరదా ఖరీదెంతో ముందే తెలుసుకుని దిగాలి. గుట్టుగా చేయించుకుని, ఇంజనో గేర్‌బాక్సో పోయాక కంపెనీ మీద పడటం మర్యాద కాదు. పైగా గిట్టుబాటూ కాదు.

అదనపు పవర్ ఎక్కడిది?

టర్బో ఇంజనుకు ఎంత గాలి పంపాలి, ఎంత పెట్రోలు చిమ్మాలి, నిప్పురవ్వ ఏ క్షణంలో పడాలి అన్నది ఈసీయూ అనే చిన్న కంప్యూటర్ చూసుకుంటుంది. కంపెనీ ఆ లెక్కల్లో కొంత వెసులుబాటు ఉంచుతుంది. మే నెల ఎండలో, నాసిరకం పెట్రోలుతో, సర్వీసు ఆలస్యమైనా బండి నడవాలి. 2020 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న బీఎస్-6 కాలుష్య నిబంధనలకూ లొంగాలి. ట్యూనర్ చేసేది ఆ వెసులుబాటును వాడేయడమే. అంటే అదనపు పవర్ ఆకాశం నుంచి ఊడిపడింది కాదు. రేపటి కోసం దాచిన దాన్ని ఈరోజే ఖర్చు పెట్టడం.

ఒక ఉదాహరణ చాలు. 2022లో వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీలో ఒకటిన్నర లీటరు టర్బో ఇంజను 150 హార్స్‌పవర్, 250 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. దాని ఏడు గేర్ల ఆటోమేటిక్ డబ్బాలో ఉండేవి నూనెలో మునగని పొడి క్లచ్‌లు. ఆ గేర్‌బాక్సును తయారుచేసిందే 250 న్యూటన్ మీటర్ల వరకు మోయడానికి. అంటే షోరూం నుంచి వచ్చిన రోజే అది అంచున ఉంది. ట్యూనర్లు దాన్ని 300 దాటిస్తామంటారు. దాటిస్తారు కూడా. ఇంజను తట్టుకోవచ్చు. క్లచ్‌ల సంగతేంటి? ట్రాఫిక్‌లో ఇంచి ఇంచి జరుగుతూ సిల్క్‌బోర్డు దాటే బండికి అవి అసలే వేడెక్కుతాయి. గేర్‌బాక్సు పోతే బిల్లు లక్షల్లోనే. పవర్ కోసం పెట్టిన డబ్బుకు ఎన్నో రెట్లు.

పెట్రోలు తంటా మరొకటి. హై ఆక్టేన్ పెట్రోలుకు రాసిన మ్యాప్‌కు ఎప్పుడూ అదే పోయాలి. ఇండియన్ ఆయిల్ 2020 డిసెంబరులో తెచ్చిన 100 ఆక్టేన్ పెట్రోలు ఎంపిక చేసిన బంకుల్లోనే దొరుకుతుంది. పండక్కి కుప్పం వైపు ఊరికెళ్తూ దారిలో దొరికింది పోయిస్తే ఇంజనులో నాకింగ్ మొదలవుతుంది. సెన్సర్లు కొంతవరకు కాపాడతాయి. కొంతవరకే.

దాచినా దాగదు

ఇక్కడ సరిహద్దు తెలివి ఒకటి ప్రచారంలో ఉంది. తమిళనాడులో చేయించి కర్ణాటకలో సర్వీసుకు ఇస్తే ఎవరికి తెలుస్తుందిలే అని. ఇంకొందరు సర్వీసుకు ముందురోజు పాత సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించి పంపుతారు. ఇది పాతకాలపు మెకానిక్ షెడ్డు లెక్క. ఇప్పటి ఈసీయూ తనలో ఎన్నిసార్లు రాత మార్చారో లెక్క పెట్టుకుంటుంది. సర్వీసు సెంటర్ కంప్యూటర్ తగిలించగానే ఆ వివరం కంపెనీ సర్వర్‌కు వెళ్తుంది. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా, ఆడి గ్రూపులో అలా పట్టుబడిన బండికి ‘టీడీ1’ అనే గుర్తు పడుతుంది. అది పడితే ఇంజను, గేర్‌బాక్సు క్లెయిములకు దాదాపు దారి మూసుకున్నట్టే. సాఫ్ట్‌వేర్ ముట్టకుండా తగిలించే ట్యూనింగ్ బాక్సులు కూడా పూర్తి క్షేమం కాదు. బండి తీసేసినా జ్ఞాపకం మిగులుతుంది. జుజువాడి, అత్తిబెలె చెక్‌పోస్టులు మనుషులకు గానీ సర్వర్లకు కాదు.

‘అమెరికాలో మా అన్న చేయించాడు, వారంటీ పోలేదు’ అనేవారూ ఉన్నారు. అక్కడ 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ఉంది. బయటి పార్టు వేశారన్న ఒక్క సాకుతో వారంటీ మొత్తాన్ని రద్దు చేయడానికి అది ఒప్పుకోదు. ఇక్కడ అలాంటి ప్రత్యేక చట్టం లేదు. వారంటీ పుస్తకంలో ఏం రాసి ఉందో అదే మొదటి ఆధారం. ఆ పుస్తకం డ్యాష్‌బోర్డు అరలో కొత్తగా, మడత నలక్కుండా ఉండటమే అసలు చిక్కు.

కంపెనీలదీ తప్పుంది

అలాగని కంపెనీలను వెనకేసుకు రావాల్సిన పని లేదు. అమ్మేటప్పుడు ప్రకటనల నిండా వేగమే. రేసు ట్రాకులో నడిపితే వారంటీ వర్తించదన్న మాట మాత్రం చిన్న అక్షరాల్లో. ట్యూన్ చేసిన బండికి ఏసీ చెడిపోయినా, డోరు గ్లాసు దిగకపోయినా ‘మీది మోడిఫైడ్ బండి సార్’ అని చేతులు దులుపుకోవడం అన్యాయం. ఈసీయూ మ్యాప్‌కూ ఏసీకీ సంబంధం ఏంటో వాళ్లే చూపాలి. అలా ఎదురైతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. బండి బెంగళూరులో కొన్నా, హోసూరులో ఉండేవారు తమ క్రిష్ణగిరి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. నివాసం ఉన్నచోట కేసు వేసే వీలు ఆ చట్టమే ఇచ్చింది.

మనసుంటే కంపెనీలకు మార్గమూ ఉంది. బ్రిటన్‌లో ఫియెస్టా ఎస్‌టీకి మౌంట్యూన్ అనే సంస్థ తెచ్చిన అప్‌గ్రేడును ఫోర్డ్ కంపెనీయే ఆమోదించి వారంటీ నిలబెట్టింది. వోల్వో కూడా పోల్‌స్టార్ పేరుతో అలాంటి సాఫ్ట్‌వేర్ అమ్మింది. ఇక్కడి కంపెనీలూ ఆ పని చేస్తే దొంగచాటు షెడ్లకు గిరాకీ దానంతటదే తగ్గుతుంది.

పోలీసు, బీమా, రోడ్డు

రీమ్యాప్ ఎక్కువ రోజులు ఒంటరిగా ఉండదు. వెనకాలే సైలెన్సర్ మారుతుంది, కెటలిటిక్ కన్వర్టర్ ఊడుతుంది. కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చడం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5 వేల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. పొగ, చప్పుడు నిబంధనలు మీరితే 10 వేల దాకా జరిమానా వేరే. మార్పు సంగతి చెప్పకపోతే ప్రమాదం జరిగాక బీమా కంపెనీ సొంత బండి నష్టం క్లెయిమును తిరస్కరించొచ్చు. అప్పుడు బండి పోయినా ఈఎంఐ మాత్రం పోదు.

వేగం మీద ఇష్టం తెలుగువాళ్లకు కొత్తేం కాదు. కోయంబత్తూరులో తరాలుగా స్థిరపడ్డ తెలుగు నాయుళ్ల మిల్లు కుటుంబంలో పుట్టిన ఎస్.కరివర్ధన్ 1980ల చివర్లో మారుతి ఇంజనుతో ఒంటి సీటు రేసు కార్లు తయారు చేయించారు. 1995లో విమాన ప్రమాదంలో ఆయన కన్నుమూశారు. చెట్టిపాళయంలో 2003లో మొదలైన రేసు ట్రాకుకు ఆయన పేరే పెట్టారు. ఆయన కార్లకు వారంటీ కార్డు లేదు. పోతే తన డబ్బే పోతుందని తెలిసి చేశారు. వాటిని పరుగెత్తించింది ట్రాకు మీద, పక్కన స్కూటర్ మీద పిల్లలతో వెళ్లే సంసారి ఉన్న హైవే మీద కాదు.

కాబట్టి మోజు ఉన్నవారికి దారులు రెండే. వారంటీ గడువు తీరేదాకా ఓపిక పట్టి, తర్వాత మంచి ట్యూనర్ దగ్గర, గేర్‌బాక్సు మోయగలిగినంతే చేయించుకోవడం ఒకటి. ఈరోజే కావాలంటే, గేర్‌బాక్సు ఖరీదు బ్యాంకులో పక్కన పెట్టి, వారంటీ పోయినట్టే అనుకుని దిగడం రెండోది. ఆ డబ్బు పక్కన పెట్టలేని ఇంట్లో ఇంకా ట్యూనింగ్ వేళ కాలేదు. నాలుగేళ్లు ఆగితే పవర్ ఎక్కడికీ పోదు. ఈఎంఐ కడుతూ షెడ్డులో నిలబడ్డ కారు మాత్రం ఎంత గుర్రాలున్నా కదలదు.