బడిసొమ్ము - బోర్డు మౌనము

2013 జూన్ 26వ తేదీని షికాగో నగరపు విద్యాబోర్డు ఒక కంట్రాక్టును ఆమోదించెను. ప్రధానోపాధ్యాయులకు శిక్షణ నిచ్చుటకై సూప్స్ అకాడమీ యను ప్రైవేటు సంస్థకు 2 కోట్ల 5 లక్షల డాలరులు! టెండరులు పిలువలేదు. అదే పనిని మఱియొకరు ఏ ధరకు చేయుదురో పోల్చి చూచుట కవకాశమే లేకపోయెను. దీనికి ముందునెలలోనే, ఖజానాలో ధనము లేదనియు, బడులలో గదులు ఖాళీగా నున్నవనియు చెప్పి సుమారు 50 పాఠశాలలను మూసివేయుటకు ఆ బోర్డే ఓటు చేసియుండెను. వీధిలోని బడిని నిలుపుటకు లేని ధనము మఱుసటి నెలలోనే శిక్షణకు ఎక్కడినుండి వచ్చినది? ఈ ప్రశ్నకు సరియైన సమాధానము రాబట్టకయే ఓటు ముగిసినది.

ఆ కంట్రాక్టు వెనుకనున్న కథ రెండేండ్లకుగాని న్యాయస్థానమున కెక్కలేదు. నగర పాఠశాలల కన్నిటికిని ముఖ్యాధికారిణియైన బార్బరా బర్డ్-బెనెట్, ఆ యుద్యోగమునకు పూర్వము అదే సంస్థకు సలహాదారుగా పనిచేసినది. తాను సమకూర్చిన కంట్రాక్టుల సొమ్ములో నూటికి పది తనకు ముట్టవలెననియు, ఉద్యోగము విడిచి మరల ఆ సంస్థలో చేరినప్పుడు దానిని చేరిక బహుమానమను పేరున పుచ్చుకొనవచ్చుననియు ఒప్పందము. ఫీజులు కట్టవలసియున్నది, జూదశాలలకు పోవలసియున్నది అని ఆమె వ్రాసిన ఈ-మెయిలు అభియోగపత్రమున కెక్కినది. 2015 అక్టోబరులో ఆమె నేరము నొప్పుకొనెను. 2017లో ఆమెకు నాలుగున్నర యేండ్లును, సంస్థ యజమానికి ఏడేండ్లును, అతని భాగస్వామికి పదునెనిమిది నెలలును శిక్ష పడెను.

దోషులు శిక్షింపబడిరి గదా, ఇంక విచార మేల యని కొందరందురు. మాకు మాత్రము తృప్తి కలుగలేదు. బోర్డు సభ్యులపై ఏ అభియోగమును లేదు. వారు లంచము ముట్టినవారును కారు. అయినను వారి ఓటు లేక ఆ సొమ్ములో ఒక్క డాలరైనను కదలియుండదు. దొంగ యొక్కడు గోడ దూకినప్పుడు అతనిని పట్టి శిక్షించుట పోలీసుల పని. తాళపుచెవి చేతనుంచుకొన్న ధర్మకర్త ఆ వేళ నేమి చేయుచుండెనని యడుగుట ప్రజల పని.

అమెరికాలో స్కూలు డిస్ట్రిక్టు అనగా మన జిల్లావంటిది కాదు. బడులను నడుపుట కొఱకే ఏర్పడిన ప్రత్యేక స్థానిక పరిపాలన అది. అట్టివి ఆ దేశమున సుమారు 13,000 కలవు. ఇండ్లపైనను స్థలములపైనను వేయు పన్నులును, రాష్ట్రప్రభుత్వ మిచ్చు ధనమును వానికి ఆధారములు. పై నొక బోర్డు; పెక్కు చోట్ల సభ్యులను ప్రజలే ఎన్నుకొందురు. బోర్డు ఒక సూపరింటెండెంటును జీతమిచ్చి నియమించుకొనును. బల్లలు, బస్సులు, పుస్తకములు, కంప్యూటరులు, మధ్యాహ్న భోజనములు - ఏవి కొనవలెనో ఆయన కార్యాలయము నిర్ణయించి కాగితములు పంపును. సభ్యులలో అనేకులు జీతము లేనివారు. పగలంతయు తమ తమ వృత్తులు చేసికొని సాయంకాలము సభకు వచ్చువారు. వందల పుటల కాగితములు వారి ముందు పడును. వివాదము లేనివని తలచిన అంశముల నన్నిటిని ఒక జాబితాగా కట్టి, చర్చ లేకుండ ఒక్క ఓటుతో ఆమోదించు ఆచార మొకటి అక్కడ కలదు. సున్నము, సుద్దముక్కల బిల్లులకు ఈ యాచారము మంచిదే. కాని కోట్ల కంట్రాక్టులును ఆ జాబితాలోనే దూరగలవు. ఏ అంశమునైనను అందులోనుండి వెలికితీసి విడిగా చర్చింపవలెనని కోరుటకు ఒక్క సభ్యుడు చాలును. ఆ ఒక్కడు నోరు విప్పుటయే అరుదు.

చట్టములు లేకపోలేదు. న్యూయార్కు రాష్ట్రములో 20,000 డాలరులకు మించిన కొనుగోళ్లకును, 35,000 డాలరులకు మించిన నిర్మాణపు పనులకును బహిరంగముగా టెండరులు పిలువవలెను. యోగ్యులైనవారిలో తక్కువ ధర చెప్పినవారికే చాలవరకు పని ఈయవలెను. అయితే వృత్తినైపుణ్యముతో కూడిన సేవలకు సామాన్యముగా ఈ నియమము వర్తింపదు. వైద్యునిగాని ఇంజనీరునుగాని చౌకదనమును బట్టి ఎన్నుకొనరాదన్న న్యాయమున పుట్టిన మినహాయింపు ఇది. న్యాయవాదులకును ఇది వర్తించుచున్నది గనుక మేమును దీనిని తెగడలేము. కాని శిక్షణ, సలహా, పర్యవేక్షణ యను పేరులతో వచ్చు ప్రతి సంస్థయు ఈ వాకిటనే లోనికి రాజూచును. ఇటుకలకు ధర కలదు. ఉపన్యాసమునకు ధర కట్టుట యెట్లు?

టెండరు పిలిచినంతమాత్రమున గండము గడచినదనియు ననుకొనరాదు. షికాగో బోర్డు ఓటు చేసిన నెలలోనే లాస్ ఏంజిలీస్ స్కూలు బోర్డు ఆపిల్ సంస్థతో 3 కోట్ల డాలరుల కంట్రాక్టును ఆమోదించెను. విద్యార్థుల కందరికిని ఐప్యాడులు, వానిలో పియర్సన్ సంస్థ పాఠములు. వైర్‌లెస్ ఏర్పాటులతో కలిసి పథకము మొత్తము సుమారు 100 కోట్ల డాలరు లగునని అంచనా. అక్కడ టెండరులు పిలిచిరి. కాని పాఠములు అప్పటికింకను పూర్తి కాలేదు. యంత్రములు చేతికి వచ్చిన కొలది వారములలోనే పిల్లలు వాని కట్టుబాట్లను ఛేదించిరి. బడికట్టడములకై ప్రజలు ఓటుచేసి మంజూరుచేసిన బాండ్ల సొమ్మును ఇందులకు వాడిరి. యంత్రము మూలబడిన పిమ్మటను అప్పు తీరకుండుట ఏ గృహస్థుడు సహించును? టెండరులకు పూర్వమే సూపరింటెండెంటునకును ఆ సంస్థలవారికిని నడచిన ఉత్తరప్రత్యుత్తరములు 2014లో బయటపడెను. కంట్రాక్టు రద్దయ్యెను, అక్టోబరులో ఆయన రాజీనామా నిచ్చెను. ఫెడరల్ అధికారులు విచారించి, 2017లో ఎవరిమీదను నేరము మోపకుండ ముగించిరి. కావున ఎవరినైనను దోషి యనుట న్యాయము కాదు. నేరము లేకయే ఇంత నష్టము కలుగుట మఱింత ఆలోచింపదగిన విషయము.

షికాగోలో సభ్యులను నియమించినవాడు మేయరు. లాస్ ఏంజిలీసులో సభ్యులు ఎన్నికైనవారు. రెండుచోట్లను ఫలిత మొక్కటియే. కనుక సభ్యులను ఎవరు నియమించిరన్న ప్రశ్నకంటె వారు సభలో నేమి చేసిరన్న ప్రశ్నయే మాకు ముఖ్యముగా తోచుచున్నది. నూఱు రూపాయల దావాలోనైనను న్యాయాధిపతి తీర్పునకు కారణములు వ్రాయవలెను. కారణములు లేని తీర్పు అప్పీలులో నిలువదు. కోట్ల ధనమును టెండరు లేకుండ నొకరి చేతిలో పెట్టు బోర్డుకు ఈపాటి నిర్బంధ మేల యుండరాదు? ఈ సంస్థనే యేల ఎంచుకొంటిమి, ఇతరుల నెవరిని విచారించితిమి, మన యధికారులకు వారితో పూర్వసంబంధ మేమైన కలదా యను మూడు ప్రశ్నలకు సమాధానములు సభా చర్యలలో పేరుతోసహా వ్రాయించిననే గాని ఓటునకు పెట్టరాదు. అబద్ధము చెప్పువాడు అప్పుడును చెప్పవచ్చును. కాని నోటిమాటగా జారవిడుచుటకును, తన సంతకముక్రింద వ్రాతలో పెట్టుటకును గల భేదము కోర్టులో నిలిచినవారికి తెలియును.

షికాగో గుట్టును మొదట రట్టు చేసినది పెద్ద పత్రిక కాదు. విద్యావిషయములకే అంకితమైన కాటలిస్ట్ షికాగో యను చిన్న పత్రికలో సేరా కార్ప్ అను విలేఖరి, ఓటు జరిగిన మఱుసటి నెలలోనే, టెండరు లేని ఈ కంట్రాక్టును గూర్చియు, ముఖ్యాధికారిణికి ఆ సంస్థతో గల పాత సంబంధమును గూర్చియు వ్రాసెను. ఆమె చదివిన కాగితములు రహస్యములు కావు. బోర్డు ముందు నున్నవే. ఆ పత్రిక అనంతరము వేఱొక పత్రికలో లీనమై పోయినది.

ఈ దూరదేశపు ముచ్చట మన పఠనమందిరముల కేల యందురేమో. టెక్సాసులోను, న్యూజెర్సీలోను, ఇల్లినాయిలోను ఇండ్లు కొనుక్కొని పిల్లలను ఈ బడులకే పంపుచున్న తెలుగువారు వేలకొలది. వారు కట్టు ఇంటిపన్నులో పెద్ద భాగము ఈ బోర్డులకే పోవుచున్నది. బడి మంచిదని విచారించి యిల్లు కొందురు. ఆ బడిసొమ్ము నెవరు వ్యయపెట్టుచున్నారో విచారింపరు. ఇల్లినాయి చట్టము ప్రకారము సభకు 48 గంటలు ముందుగా కార్యక్రమపట్టికను ప్రకటింపవలెను. సభలో మాటలాడుటకు ప్రజలకు అవకాశ మీయవలెను. అక్కడ మాటలాడుటకు ఓటుహక్కు అవసరము లేదు. కొమారుని తరగతిలో మార్కులను గూర్చి ఉపాధ్యాయునికి పది ఈ-మెయిలులు వ్రాయు తండ్రి, ఆ పట్టికను ఒక్కసారి తెఱచి చూచిన బాగుండును.

1995 మొదలు మేయరు చేతనే నియమింపబడుచు వచ్చిన షికాగో బోర్డునకు 2024 నవంబరులో తొలిసారిగా పదిమంది సభ్యులను ప్రజలు ఎన్నుకొనిరి. 2027 జనవరి నాటికి 21 స్థానములును ఎన్నికచేతనే నిండవలెనని చట్టము. ఆ సభ్యుల ముందునకును కట్టలు కట్టలుగా కాగితములు వచ్చును, జాబితాలును వచ్చును. వారిలో ఎవరు, ఏ పుటయొద్ద ఆగి, ఈ అంశమును విడిగా చర్చింపుడని యడిగిరో సభా చర్యలలో వెదకి చూచెదము.