ఫ్రిజ్‌లో గ్యాసు అయిపోదు, కారిపోతుంది

మన పల్నాడు ఎండల సంగతి ఎవరికీ కొత్తగా చెప్పనక్కరలేదు. మే నెల వచ్చిందంటే రెంటచింతల పేరు పేపర్లో చూస్తూనే ఉన్నాం. ఒకప్పుడు ఊరికి ఒకటో రెండో ఫ్రిజ్‌లు ఉండేవి. ఇప్పుడు కూలికి వెళ్ళేవాళ్ళ ఇళ్ళలోనూ వాయిదాల మీద కొన్న ఫ్రిజ్ కనిపిస్తోంది. సంతోషించవలసిన సంగతే. అయితే ఆ ఫ్రిజ్ చెడిపోయిన రోజున మనం ఎవరి చేతుల్లో పడుతున్నాం, ఎంత పోగొట్టుకుంటున్నాం అన్నది కూడా కాస్త ఆలోచించాలి.

"చల్లబడటం లేదు" అని కబురు చేస్తే మెకానిక్ వస్తాడు. తలుపు తీసి లోపల చెయ్యి పెట్టి చూస్తాడు. వెనక్కి వెళ్ళి మోటారు చప్పుడు వింటాడు. అయిదు నిమిషాల్లో తీర్పు చెప్పేస్తాడు: "గ్యాసు అయిపోయిందండీ, ఎక్కించాలి." మనం సరేనంటాం. ఎందుకంటే వంటగ్యాసు అయిపోవడం మనకు తెలుసు. బండిలో పెట్రోలు అయిపోవడం తెలుసు. ఫ్రిజ్‌లో గ్యాసు కూడా అలాగే వాడగా వాడగా ఖర్చయిపోతుంది కాబోలు అనుకుంటాం.

అసలు మోసమంతా ఈ ఒక్క మాటలోనే ఉంది. ఫ్రిజ్‌లో గ్యాసు ఖర్చు కాదు. ఆ గొట్టాలన్నీ ఎక్కడా సందు లేకుండా మూసి ఉంటాయి. అందులో ఉన్న గ్యాసే తిరుగుతూ ఉంటుంది. ఫ్రీజర్ చుట్టూ ఉన్న గొట్టాల్లో ఆవిరై లోపలి వేడిని పీల్చుకుంటుంది. కంప్రెసర్ దాన్ని నొక్కి వెనకనో పక్కనో ఉన్న గొట్టాల్లోకి తోస్తుంది. అక్కడ వేడిని వదిలేసి ద్రవమవుతుంది. వెంట్రుకవాసి రంధ్రమున్న సన్న గొట్టం గుండా మళ్ళీ లోపలికి చేరుతుంది. బావిలో నీటిని మోటారు పైకి తోడినట్టు ఈ యంత్రం పెట్టె లోపలి వేడిని తోడి బయట పోస్తుందన్న మాట. ఫ్రిజ్ పక్కన చెయ్యి పెడితే వెచ్చగా తగిలేది అందుకే. చలి దేశాల్లో ఇదే పద్ధతిలో బయటి గాలిలోని వేడిని ఇంట్లోకి తోడుకుంటారు. దానికి హీట్ పంప్ అని పేరు. అక్కడ ఇల్లు వెచ్చబడటానికీ, ఇక్కడ మజ్జిగ చల్లబడటానికీ యంత్రం ఒకటే.

కాబట్టి పదేళ్ళు వాడినా, ఇరవయ్యేళ్ళు వాడినా ఆ గ్యాసు తగ్గకూడదు. తగ్గిందంటే ఎక్కడో చిల్లు పడిందని అర్థం. ఆ చిల్లు వెతకకుండా గ్యాసు ఎక్కించడం చిల్లుకుండలో నీళ్ళు పోయడమే.

మా ఇంటి సంగతే చెబుతాను. మాది ఎనిమిదేళ్ళ నాటి ఒంటి తలుపు ఫ్రిజ్. చల్లటి నీళ్ళ సరదా అలా ఉంచితే, దానితో మాకు పెద్ద అవసరం ఒకటుంది. మా అమ్మకు షుగరు. రోజూ రెండు పూటలా ఇన్సులిన్ పడాలి. మూత తీయని సీసాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. వాడుతున్న సీసా కొన్ని వారాలు బయట ఉన్నా ఫరవాలేదంటారు గాని, అది మామూలు వాతావరణం ఉన్న చోట మాట. ఏప్రిల్, మే నెలల్లో మా రేకుల వంటింటికి ఆ మాట వర్తించదు.

2023 ఏప్రిల్‌లో ఫ్రిజ్ చల్లబడటం తగ్గింది. మోటారు ఆగకుండా తిరుగుతోంది. ఫ్రీజర్‌లో ఒక మూల మాత్రం కాస్త మంచు పడుతోంది. మెకానిక్ వచ్చాడు. గ్యాసు అయిపోయిందన్నాడు. 1,800 రూపాయలు తీసుకుని ఎక్కించి వెళ్ళాడు. ముప్ఫయి అయిదు రోజులు బాగా పనిచేసింది. మళ్ళీ మామూలే. మళ్ళీ అతన్నే పిలిచాం. "ఈసారి మంచి గ్యాసు వేస్తాను మాస్టారూ" అని 2,000 తీసుకున్నాడు. అది ఇరవై రోజులు వచ్చింది. ఆ ‘మంచి గ్యాసు’ ఏమిటో తర్వాత తెలిసింది.

ఈలోగా ఒక ఇన్సులిన్ సీసా పాడయింది. పాడయిందని సీసా మనకు చెప్పదు. నీళ్ళలాగే ఉంటుంది. అమ్మకు షుగరు మూడు వందలు దాటినప్పుడు డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న "మందు ఎక్కడ పెడుతున్నారు?" అని. అప్పటినుంచి మందు పక్కింటి ఫ్రిజ్‌లో పెట్టుకున్నాం. వాళ్ళు మంచివాళ్ళే. కాని మిరప కోతల రోజుల్లో తాళం వేసుకుని పొద్దున్నే పోయేవాళ్ళు. "నా మందు పక్కింట్లో, పక్కింటి తాళం పొలంలో" అని అమ్మ నవ్వేది. నాకు నవ్వు వచ్చేది కాదు.

దుకాణానికి వెళ్ళి అడిగితే, "ఎనిమిదేళ్ళదంటున్నారు, ఇంకా ఎందుకు మాస్టారూ? పాతదానికి వెయ్యి ఇస్తాం, కొత్తది పట్టుకుపోండి" అన్నారు. దాదాపు సిద్ధపడ్డాను కూడా. మా బావమరిది పట్టుబట్టి, నరసరావుపేటలో ఐసుక్రీము బండ్ల ఫ్రీజర్లు బాగుచేసే ఒక పెద్దాయన్ని తీసుకువచ్చాడు.

ఆయన వచ్చి ముందు వెనకనున్న చీటీ చదివాడు. అంతకు ముందు వచ్చిన వాళ్ళెవరూ అది చూడలేదు. ‘ఆర్-600ఎ, 42 గ్రాములు’ అని ఉంది. తర్వాత గేజి పెట్టి ఒత్తిడి చూసి, "ఇందులో ఉన్నది ఆ గ్యాసు కాదు, 134" అన్నాడు. పాత రకం ఫ్రిజ్‌లకు వాడే గ్యాసును ఇందులో పోశారు. ఈ రకం కంప్రెసర్ దానికోసం చేసింది కాదు. ఇంకొన్నాళ్ళు అలాగే నడిపితే కంప్రెసర్ కూడా పోయేదట.

ఉన్న గ్యాసంతా తీసేశాడు. గొట్టాలను రెండు భాగాలుగా విడదీసి, రెండింటిలోనూ నైట్రోజన్ నింపి, గేజిలు బిగించి, "టీ తాగుదాం పదండి" అన్నాడు. గంట తర్వాత చూస్తే ఫ్రీజర్ వైపు ముల్లు కదల్లేదు. రెండో వైపు ముల్లు పడిపోయింది. తలుపు అంచు వెంట, పక్క గోడలోపల దాగి ఉన్న ఇనుప గొట్టం తుప్పుపట్టి చిల్లుపడింది. ఆ గోడలోపలంతా నురుగులాంటి ఫోము గడ్డకట్టి ఉంటుంది. దాన్ని పగలగొట్టడం కుదరదు. అందుకని ఆ గొట్టాన్ని వదిలేసి, పాత ఫ్రిజ్‌లకు ఉండే నల్ల జాలీ ఒకటి తెచ్చి వెనక బిగించాడు. ఫిల్టర్ మార్చాడు. పంపు పెట్టి లోపలి గాలి, తేమ అంతా లాగేశాడు. చివర కాటా మీద తూచి గ్యాసు ఎక్కించాడు. మొత్తం 3,200 తీసుకున్నాడు. అంతకు ముందు రెండుసార్లు గాలిలో కలిపిన డబ్బు 3,800.

అందరి ఫ్రిజ్‌లలోనూ చిల్లు అక్కడే ఉంటుందని కాదు. నేను చూసినంతలో మన ఇళ్ళలో ఫ్రిజ్‌ను ఎక్కువగా చంపేది కత్తి. ఫ్రీజర్‌లో మంచు గడ్డకడితే చేపల కత్తితోనో, స్క్రూడ్రైవర్‌తోనో పొడుస్తాం. ఆ అల్యూమినియం రేకు పలుచన. గ్యాసు దాని లోపలి దారుల్లోనే తిరుగుతుంది. చిన్న గాటు పడితే చాలు, బుస్సుమని పోతుంది. మంచు పేరుకుంటే రాత్రి స్విచ్ ఆపి తలుపు తీసి పెట్టండి, తెల్లారేసరికి అదే కరుగుతుంది. కత్తిగాటు పడ్డ ఫ్రీజర్‌కు అతుకు వేస్తే చాలాసార్లు నిలవదు. ఆ పెట్టె మార్చుకోవడమే మేలు.

ఇంకో సంగతి. చల్లబడని ప్రతి ఫ్రిజ్‌కూ గ్యాసు జబ్బు ఉండదు. లోపల లైటు వెలుగుతూ మోటారు కదలకపోతే థర్మోస్టాట్ చూడాలి. రెండు మూడు నిమిషాలకోసారి ‘టక్’ మని ఆగిపోతుంటే వోల్టేజి చూడాలి, రిలే చూడాలి. రిలే కొన్ని వందల రూపాయల వస్తువు. అది మార్చకుండా కంప్రెసర్ పోయిందని చెప్పేవాళ్ళున్నారు. తలుపు రబ్బరు వదులైందేమో మనమే చూసుకోవచ్చు. కాగితం ముక్క పెట్టి తలుపు వేసి లాగండి. సులువుగా వచ్చేస్తే రబ్బరు పోయిందన్న మాటే. ఫ్రిజ్‌ను గోడకు ఆనించి, పైన బియ్యం బస్తా పెట్టి, చల్లబడటం లేదంటే అది మాత్రం ఏం చేస్తుంది? తోడిన వేడి పోవడానికి చోటు ఉండాలి గదా.

మెకానిక్‌లను తిట్టడం నా ఉద్దేశం కాదు. వాళ్ళలో చాలామంది ఒకరి వెంట తిరిగి చూసి నేర్చుకున్నవాళ్ళు. నైట్రోజన్ సిలిండరు, వాక్యూం పంపు, కాటా కొనాలంటే వాళ్ళకూ పెట్టుబడి కావాలి. మనం చూస్తే అరగంటలో పని అయిపోవాలంటాం, రెండు వందలు తగ్గించమంటాం. చిల్లు వెతకడానికి ఒక పూట పడుతుంది. ఆ పూట కూలి ఇవ్వడానికి మనం సిద్ధపడితే వెతికేవాళ్ళు కూడా దొరుకుతారు. ఐటిఐలలో దీనికి రెండేళ్ళ కోర్సు ఉంది. అక్కడి గురువులు వేసవికి ముందు ఒక్కొక్క మండల కేంద్రంలో రెండు రోజులు ఈ మెకానిక్‌లను కూర్చోబెట్టి నేర్పితే ఎంతో మేలు. ప్రాణాలకు సంబంధించిన సంగతి కూడా ఇందులో ఉంది. ఇప్పటి కొత్త ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఉండే 600ఎ గ్యాసు మన వంటగ్యాసు జాతిదే, మండుతుంది. గ్యాసు పూర్తిగా తీయకుండా గొట్టం దగ్గర మంట పెట్టకూడదు. నైట్రోజన్ లేదని ఆక్సిజన్‌తో ఒత్తిడి పెట్టడం మరీ ఘోరం. కంప్రెసర్‌లో ఉన్న నూనెకు అది తోడైతే పేలిపోతుంది. వెల్డింగు షాపు నుంచి ఆక్సిజన్ సిలిండరు తెచ్చి ఫ్రిజ్‌కు తగిలించబోతే అక్కడే ఆపండి.

అలాగని ప్రతి పాత ఫ్రిజ్‌నూ బాగుచేయించుకోమని నేను చెప్పను. మా పిన్ని ఇంట్లో 1990ల మొదట్లో కొన్నది ఒకటి ఉండేది. అది ఆర్-12 కాలంనాటిది. ఓజోన్ పొరకు చేటని 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం ఆ రకం గ్యాసును దశలవారీగా ఆపేశారు. మన దేశంలో 2010 నాటికి ఫ్రిజ్‌ల కోసం దాని వాడకం ముగిసింది. దానికి ఇంకో గ్యాసు ఏదో వేసి నడుపుతానని మెకానిక్ అన్నాడు. వద్దని నేనే చెప్పాను. అడుగు రేకు తుప్పుపట్టి, ఫోము తడిసి, మోటారు పగలూ రాత్రీ తిరుగుతోంది. లెక్క వేసి చూడండి. వంద వాట్లు లాగే కంప్రెసర్ ఆగకుండా తిరిగితే రోజుకు 2.4 యూనిట్లు, నెలకు 72. ఇంటి బిల్లు పై శ్లాబులోకి పోవడానికి అది చాలు. బాగున్న ఫ్రిజ్ మధ్య మధ్య ఆగి తిరుగుతుంది. పన్నెండు, పదిహేనేళ్ళు దాటినదానికి కంప్రెసర్ పోయినా, రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో సగానికి చేరినా మార్చుకోవడమే మంచిదని నా అభిప్రాయం. కొత్తది కొనేటప్పుడు తలుపు మీది పూలబొమ్మ కాక, నక్షత్రాల చీటీ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లని రాశారో చూడండి. చీటీ ఏ సంవత్సరానిదో కూడా చూడాలి, ఎందుకంటే నక్షత్రాల లెక్క మారుతూ ఉంటుంది.

‘పదేళ్ళ గ్యారంటీ’ అన్న మాటకు కూడా మురిసిపోకండి. చాలావాటికి అది కంప్రెసర్‌కు మాత్రమే. గ్యాసుకు, కూలికి వేరే డబ్బు అడుగుతారు. కార్డు ముందే చదవండి. గ్యాసు ఎక్కించినవాడి దగ్గర తేదీ, గ్యాసు పేరు, ఎన్ని గ్రాములు, లీకు ఎక్కడ మూశాడు అన్నవి రాయించి రసీదు తీసుకోండి. రాయమంటే చాలు, కొందరు గ్యాసు ఎక్కించడం మానేసి చిల్లు వెతకడం మొదలుపెడతారు. గ్యారంటీ ఉండి కంపెనీ వాళ్ళు తిప్పుతుంటే 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో అయిదు లక్షల లోపు విలువైన కేసుకు ఫీజు కూడా లేదు. కాని రసీదు లేనివాడికి అక్కడ మాట సాగడం కష్టం.

ఏసీలు కొన్నవాళ్ళకూ ఇదే వర్తిస్తుంది. ఏటా వేసవికి ముందు ‘గ్యాసు టాపప్’ అంటూ వస్తున్నారు. బిగింపులు సరిగా ఉన్న ఏసీకి ఏటా గ్యాసు అవసరం లేదు. గొట్టాలు కలిసే నట్ల దగ్గర సబ్బునురుగు రాసి చూడమనండి. పది నిమిషాల పని అది.

ఇక కరెంటు. మా వీధి చివరి ఇళ్ళలో వేసవి సాయంత్రం ఏడింటికి 160 వోల్టులు కూడా రావడం లేదు. ఆ వోల్టేజిలో కంప్రెసర్ కదలలేక వేడెక్కి కాలిపోతుంది. స్టెబిలైజర్ కొంత కాపాడుతుంది. కరెంటు పోయి వచ్చాక అయిదు నిమిషాలు ఆగి ఫ్రిజ్ స్విచ్ వేస్తే మంచిది. లోపలి ఒత్తిడి సర్దుకోకముందే మోటారు లాగబోతే దానికి భారమవుతుంది. కాని పాతిక ఇళ్ళప్పుడు వేసిన ట్రాన్స్‌ఫార్మర్ మీద ఇప్పుడు డెబ్బయి ఇళ్ళు ఆధారపడుతుంటే ఇంటింటా స్టెబిలైజర్ పెట్టినా లాభమేముంది?

మా ఫ్రిజ్ వెనక ఆ నల్ల జాలీ బిగించి రెండు వేసవులు దాటాయి. మళ్ళీ గ్యాసు ముట్టుకోలేదు. అమ్మ మందు తలుపు అరలోనే ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ పెంచమని వీధివాళ్ళందరం సంతకాలు చేసి విద్యుత్ అధికారులకు ఇచ్చిన అర్జీకి మాత్రం ఇంకా జవాబు రాలేదు.