ఆటకు పిలుస్తారు, మాటకు పిలవరు

ప్రతి ఏడూ ఆగస్టు 9 వస్తుంది. మండల కేంద్రంలో ర్యాలీ తీస్తారు. కుమ్రం భీం విగ్రహానికి దండ వేస్తారు. వ్యాను మీద డీజే బాక్సులు కట్టి సినిమా పాట పెడతారు. డోలు తెచ్చిన మనవాళ్లు ఆ పాటకే అడుగులు వేయాలి. మధ్యాహ్నం సభలో ప్రతి ఒక్కరూ తెలుగులో మాట్లాడతారు. గోండిలో, కోయలో, కొలామీలో ఒక్క ముక్క వినబడదు. ఆ వేదిక మీద మేమూ కూర్చున్నాం. మేమూ తెలుగులోనే మాట్లాడి దిగాం.

ఒకసారి ఒక ఆశ్రమ పాఠశాల వార్షికోత్సవానికి వెళ్లాం. మన పిల్లలకే ఆకులు కట్టి, ముఖాలకు మసి పూసి, 'ఝింగాలాలా' అని గంతులు వేయించారు. మన ఇళ్లలో ఏ తాతా అలా అరవలేదు. ఆ అరుపు సినిమావాళ్లు పుట్టించి మన నెత్తిన రుద్దింది. చప్పట్లు కొట్టినవాళ్లలో ఆ పిల్లల తల్లిదండ్రులున్నారు. మేమూ ఉన్నాం. ఆ రోజు లేచి అడగలేకపోయాం. అందుకే ఇప్పుడు రాస్తున్నాం.

మనల్ని ఆటకు పిలుస్తారు, మాటకు పిలవరు. ఎందుకంటే వాళ్లు పెట్టించే ఆట ఏమీ అడగదు. ఫొటో దిగి, శాలువా కప్పి, బస్సు ఎక్కించి పంపేయవచ్చు. మాట అలా కాదు. పోడు పట్టా ఎక్కడ అంటుంది. 1/70 ఉండగా ఈ రోడ్డు పక్క భూములు ఎవరి చేతుల్లోకి పోయాయి అంటుంది. మన పిల్లలకు అర్థమయ్యే భాషలో ఒకటో తరగతి ఎందుకు లేదు అంటుంది.

ఈ ఆలోచన మాకు కొత్తది కాదు. కానీ సముద్రాల అవతల నలుగురు ఆదివాసీ కుర్రాళ్ల కథ తెలుసుకున్నాక ఊరుకోలేకపోయాం. వాళ్ల గుంపు పేరు బ్రో ఎంసీస్. బ్రెజిల్ దేశంలో మొదటి ఆదివాసీ రాప్ గుంపుగా వాళ్లకు పేరు. 2009లో మొదలుపెట్టారు, పదిహేనేళ్లు దాటినా ఆపలేదు.

వాళ్లు గ్వారానీ కయోవా తెగవాళ్లు. పశ్చిమ బ్రెజిల్‌లో, పరాగ్వే సరిహద్దున ఉన్న మాటో గ్రోసో దో సుల్ రాష్ట్రం వాళ్లది. ఒకప్పుడు ఆ అడవీ ఆ నేలా వాళ్లవే. పరాగ్వే యుద్ధం ముగిశాక తేయాకులా కాచుకు తాగే మాటే ఆకు కోసం కంపెనీ వచ్చింది. తరవాత పశువుల మందలు, ఆ తరవాత సోయా, చెరకు వచ్చాయి. 1915 నుంచి 1928 దాకా ప్రభుత్వం ఎనిమిది చిన్న చిన్న రిజర్వులు గీసి, గ్వారానీలను వాటిలోకి తోసి, మిగతా నేల ఖాళీ అని చెప్పి పంచిపెట్టింది. 1917లో ఏర్పడ్డ దౌరాదోస్ రిజర్వు వాటిలో ఒకటి. సుమారు 3,500 హెక్టార్లలో ఈ రోజు పదివేల మందికి పైగా బతుకుతున్నారు. వేటకు అడవి లేదు, సాగుకు చాలినంత చేను లేదు. పక్కనే పట్టణం. పట్టణంవాళ్లు వీళ్లను 'బుగ్రె' అంటారు. మనల్ని 'అడవి మనుషులు' అన్నట్టే, అదే వెటకారంతో.

ఆ రిజర్వులోని జాగువాపిరు, బొరోరో ఊళ్ల కుర్రాళ్లు వీళ్లు. బ్రూనో వెరోన్, క్లెమెర్సన్ బతిస్తా అన్నదమ్ములు. కెల్విన్, చార్లీ పెయ్‌షోతోలు మరో అన్నదమ్ముల జత. రేడియోలో పోర్చుగీసు రాప్ విన్నారు. పట్టణపు పేటల్లోని నల్లజాతి పిల్లలు పోలీసు దెబ్బల గురించి, ఆకలి గురించి తమ యాసలోనే చెబుతుంటే, మన సంగతి మనమెందుకు చెప్పకూడదనుకున్నారు. గ్వారానీలో రాశారు, గ్వారానీలో పాడారు. బాగా వినబడిన మొదటి పాటల్లో ఒకటి 'ఎజూ ఒరెందివే'. అంటే 'మాతో రండి' అని. మరో పాట 'కోఅంగాగువా'. అంటే 'ఈ కాలంలో' అని.

ఈ రెండో పేరు దగ్గర మనం కాసేపు ఆగాలి. మన భాషలో పాట అనగానే మనకు గుర్తొచ్చేది పాతకాలం. దేవుడి పుట్టుక, వంశాల కథ, పెళ్లి పాట, రేలా పాట. అవి కావాలి, అవి లేకుండా మనం లేం. కానీ ఈ రోజు సంగతి చెప్పాల్సి వచ్చేసరికి తెలుగులోకి దూకుతాం. హాస్టల్లో జ్వరంతో పిల్ల చనిపోతే తెలుగులో పాట కడతాం. ఊరు ముంపులో పోతుందంటే తెలుగులో పాట కడతాం. మన భాషను తాతల కాలానికి కాపలా పెట్టి, ఈ కాలాన్ని వేరే భాషకు రాసిచ్చాం. పిల్లలు మన భాష వదిలేస్తున్నారని ఏడుస్తాం. వాళ్ల ఈ రోజుకు పనికిరాని భాషను వాళ్లెందుకు పట్టుకుంటారు?

బ్రో ఎంసీస్ చేసింది దీనికి తిరగబడటమే. భూమి గురించి, చంపేసిన పెద్దల గురించి, ఉరి వేసుకుంటున్న తమ ఈడు పిల్లల గురించి, పట్టణంలో పడే అవమానం గురించి గ్వారానీలో చెప్పారు. అదే పాటలో పోర్చుగీసూ కలిపారు. ఇల్లు ఒక భాషలో వింటుంది, భూస్వామి మరో భాషలో వింటాడు. తెలుగు, ఇంగ్లీషు రాకపోతే ఉద్యోగం ఎలా అని అడిగే టీచర్లకు ఇదే మా జవాబు. తెలుగు వద్దని మేం అనడం లేదు. ఈ వ్యాసం తెలుగులోనే రాస్తున్నాం. రెండో భాష నేర్చుకోవడానికి మొదటి దాని గొంతు నొక్కనక్కరలేదని మాత్రమే అంటున్నాం.

మనలోనే కొందరు పెద్దలు 'రాప్ మనది కాదు, అమెరికాది' అంటారు. నిజమే, న్యూయార్క్ బ్రాంక్స్ పేటలో 1970లలో పుట్టింది. కానీ తాళం మీద మాటను నడిపించి తెగ కథ చెప్పడం మనకు కొత్తా? గోండుల ఇళ్లకు వచ్చి కింగ్రి వాయిస్తూ పరధాన్లు చేసిందేమిటి? పడిగె విప్పి, డోలి కొట్టి, కోయ వీరుల కథ రాత్రంతా చెప్పిన డోలీలు చేసిందేమిటి? డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. దిల్లీ గుర్తించింది. మరి మన బడి గుర్తించిందా? ఏ ఆశ్రమ పాఠశాలలో ఒక డోలీని కూర్చోబెట్టి పిల్లలకు పాఠం చెప్పించారు? డీజే బాక్సు ఊళ్లోకి వచ్చినప్పుడు అడ్డుపడని సంప్రదాయం, మన పిల్లవాడు మన భాషలో రాప్ కడతానంటే మాత్రం అడ్డుపడాలా?

కుర్రాళ్లకు కూడా ఒక మాట. టోపీ తిప్పి పెట్టుకుని, చేతులు ఊపుతూ, లేని కార్ల గురించి ముప్పై సెకన్ల రీల్ చేస్తే అది రాప్ కాదు, వేషం. ఆకులు కట్టిన వేషానికీ దీనికీ తేడా లేదు. బ్రో ఎంసీస్ దేశంలోని పెద్ద వేదికల్లో ఒకటైన రాక్ ఇన్ రియోకు చేరింది 2022 సెప్టెంబరు 3న. మొదలుపెట్టిన పదమూడేళ్లకు. ఆ పదమూడేళ్లూ వాళ్లు తమ భాషనూ తమ ఊరి సంగతినీ వదల్లేదు.

అయితే అసలు చేదు సంగతి ఇప్పుడు చెప్పాలి. వాళ్లు ఆ వేదిక ఎక్కడానికి రెండు నెలల పైచిలుకు ముందు, 2022 జూన్‌లో, అదే రాష్ట్రంలోని అమంబాయిలో తమ భూమిలోకి తిరిగి వెళ్లిన గ్వారానీ కయోవాల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఒక మనిషి ప్రాణం పోయింది. 2023లో అక్కడి పార్లమెంటు ఒక చట్టం చేసింది. 1988 అక్టోబరు 5 నాటికి ఆ భూమిలో ఉన్నారా, దానికోసం పోరాడుతున్నారా, చూపించండి అంది. తరిమేసినవాళ్లే 'ఆ రోజు నువ్వక్కడ లేవుగా' అంటున్నారన్నమాట. తేదీ అడిగే రాజ్యం మనకూ తెలుసు. 2005 డిసెంబరు 13 నాటికి పోడు చేస్తున్నట్టు రుజువు తెమ్మని మనల్నీ ఆఫీసుల చుట్టూ తిప్పారు. ఇక 2024లో బ్రో ఎంసీస్ పాట ప్రపంచానికి తెలిసిన డీజే అలోక్ ఆల్బంలో వచ్చింది. అదే ఏడు నవంబరులో వాళ్ల సొంత రిజర్వు జనం తాగునీళ్ల కోసం రోడ్డు మీద బైఠాయించారు.

మరి పాటవల్ల ఏమొచ్చిందని అడుగుతారు. పాట నీళ్లు తేదు. పట్టా ఇవ్వదు. ఇస్తుందని చెప్పేవాళ్లను నమ్మకండి. చప్పట్లు కొట్టి భూమి ఇవ్వనివాళ్లను అంతకంటే నమ్మకండి. కానీ నీళ్ల కోసం రోడ్డెక్కే మనిషికి, నేనెవరో నా నోటితో చెప్పగలననే ధైర్యం ముందు కావాలి. పట్టణంలో తన భాష మాట్లాడటానికి సిగ్గుపడే పిల్లవాడు రేపు గ్రామసభలో లేచి ఏం అడుగుతాడు? ఆ సిగ్గును పోగొట్టే పని పాట చేస్తుంది. పని అక్కడితో అయిపోదు, అక్కడ మొదలవుతుంది.

మనకు మొదలుపెట్టే అవకాశాలు రాకపోలేదు. 1940లలో మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ కాలంలో గోండి వాచకాలు వచ్చాయి. ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది ఆదివాసీ భాషల్లో పుస్తకాలు వేశారు. గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. ఒక్కోసారి ఒక అధికారి వచ్చాడు, మొదలైంది. ఆయన వెళ్లాడు, ఆగింది. పై నుంచి వచ్చింది పైకే పోయింది. దౌరాదోస్‌లో పాట కింద నుంచి వచ్చింది, అందుకే నిలబడింది.

టీచర్లారా, వారానికి ఒక్క పీరియడ్ ఇవ్వండి. పిల్లలను వాళ్ల భాషలో, వాళ్ల ఊళ్లో ఈ వారం జరిగిన సంగతి నాలుగు పాదాల్లో చెప్పమనండి. ఏ లిపి అని కొట్లాడి ఇంకో ఇరవై ఏళ్లు పోగొట్టుకోవద్దు. తెలుగక్షరాల్లోనే రాయనివ్వండి. మీకు ఆ భాష రాకపోతే రాదని ఒప్పుకుని పిల్లల దగ్గర నేర్చుకోండి. వార్షికోత్సవంలో ఆకులు కట్టే పని ఈ ఏడుతో ఆపండి.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మీ చేతిలో ఫోనుంది. మీ అవ్వ ఇంకా మాట్లాడుతూనే ఉంది. మాట మరిచిపోతే ఆమెను అడిగి రాయండి. వచ్చే ఆగస్టు 9న వ్యాను మీద పెట్టే పాట మనది కావాలి. ఆ సభలో మేం మన భాషలోనే మాట్లాడతాం. తప్పులు పోతే నవ్వండి, సరిదిద్దండి. ఈసారి మాత్రం నోరు మూసుకుని దిగం.