తోలు ఎరిగినవాడికి తోలు ఏదీ?

చేత్తో కుట్టిన తోలు చెప్పులకు, సంచులకు, బెల్టులకు పట్నాల్లో మళ్ళీ గిరాకీ వచ్చింది. 2025 జూన్‌లో ఇటలీలోని మిలాన్ నగరంలో ప్రాడా అనే పెద్ద కంపెనీ జరిపిన ప్రదర్శనలో కొల్హాపురీ చెప్పుల్లాంటివే తొడిగి నడిపించారు. అవి ఎవరి పనితనమో మొదట చెప్పనేలేదు. గొడవ అయ్యాక ఒప్పుకున్నారు. సరే, పేరు సంగతి అలా ఉంచుదాం. అలాంటి చెప్పు కుట్టగల మనిషి మన ఊళ్ళో ఏం చేస్తున్నాడు? నాట్లప్పుడూ కోతలప్పుడూ కూలికి పోతున్నాడు. మధ్యలో నాలుగు రోజులు ఖాళీ దొరికితే ఆరె, రంపె బయటికి తీస్తున్నాడు. తీసినా మంచి తోలు చేతికి రావడంలేదు. ఈ వారం మేము చెప్పదలచింది ఆ తోలు గురించే.

ఒకప్పుడు తోలు కోసం బస్సెక్కే పని లేదు. ఊళ్ళో పశువు చస్తే తోలు మాదిగవాడకే వచ్చేది. లందలో సున్నం, తర్వాత తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయ. వారాలకు వారాలు పట్టే చాకిరీ. మోట బొక్కెన, కాడి వార్లు, చెప్పులు, అన్నీ దాంట్లోంచే. అవి మంచి రోజులని మేము అనటంలేదు. నిజాం ఏలుబడిలో దొరకు చెప్పులూ మోట సామానూ ఉత్తపుణ్యానికి కుట్టిపెట్టడం వెట్టిలో భాగం. 1946-51 తెలంగాణ పోరాటం ఆ వెట్టి మీదనే తిరగబడింది. కరెంటు మోటారు వచ్చి మోటను, ట్రాక్టరు వచ్చి కాడిని, రబ్బరు చెప్పు వచ్చి తోలు చెప్పును పక్కకు నెట్టాయి. లందలు పూడిపోయాయి. విద్య మాత్రం కొన్ని చేతుల్లో మిగిలి ఉంది.

ఇప్పుడు ఊళ్ళో పశువు చచ్చినా తోలు తీయడానికి జంకుతున్నారు. ఊరికే జంకుతున్నారా? 2016 జూలైలో గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళితులను కట్టేసి బాదారు. అది ఎక్కడో గుజరాత్‌లో కదా అనుకుంటుండగానే, ఆగస్టులో మన అమలాపురంలో కరెంటు షాకుతో చచ్చిన ఆవు తోలు తీస్తున్న అన్నదమ్ములను కొట్టారు. 2017 మేలో కేంద్రం పశువుల సంతల మీద నిబంధనలు తెచ్చింది. జూలైలో సుప్రీంకోర్టు వాటిని ఆపింది గానీ, వ్యాపారుల్లో పుట్టిన భయం ఆగలేదు. మన రాష్ట్రంలో 1977లో వచ్చిన చట్టం గోవధను గురించినది. తనంత తాను చచ్చిన పశువు తోలు తీయడం నేరమని అందులో లేదు. ఈ మాట మన కార్యకర్తలు ప్రతి వాడలో చెప్పాలి, పోలీసు స్టేషన్లో కూడా చెప్పాలి.

ఊళ్ళో తోలు అందకపోయేసరికి వృత్తిదారు పట్నం దారి పట్టాడు. అక్కడ అతనికి దొరికేది ఏమిటి? పెద్ద కంపెనీలు కత్తిరించగా మిగిలిన ముక్కల మూట. కిలోల లెక్కన అమ్ముతారు. విప్పి చూడనివ్వరు. ఇంటికి తెచ్చి విప్పితే ఒక ముక్క మందం, ఒకటి పలచన, మధ్యలో రెక్సిను. తరతరాలుగా తోలు ఎరిగిన మనిషిని తోలులోనే మోసం చేస్తున్నారు. పాతవాళ్ళకు తెలిసిందే అయినా, కొత్తగా పనిలోకి వచ్చే కుర్రాళ్ళ కోసం నాలుగు మాటలు రాస్తున్నాం.

తోలు రెండు రకాలుగా పదును చేస్తారు. చెక్క పదునుది బిగువుగా ఉంటుంది. అంచు కోస్తే లోపలిదాకా గోధుమ రంగే. తడిపి ఒత్తితే అచ్చు నిలుస్తుంది, ఎండ తగిలేకొద్దీ ముదురు రంగుకు తిరుగుతుంది. క్రోముతో పదును చేసింది మెత్తగా సాగుతుంది, రంగు వెయ్యనిదైతే నీలిబూడిద రంగులో ఉంటుంది. అనుమానం వస్తే చిన్న ముక్క మరిగే నీళ్ళలో వెయ్యండి. చెక్క పదునుది ముడుచుకుని గట్టిపడుతుంది, క్రోముది దాదాపు అలాగే ఉంటుంది. అడుగు అట్టకు, బెల్టుకు చెక్క పదునుది కావాలి. మెత్తటి సంచికి, బూటు పైభాగానికి క్రోముది చాలు. రెక్సిను సంగతి అగ్గిపుల్లే చెబుతుంది: తోలు కాలితే వెంట్రుక కాలిన వాసన, రెక్సిను కాలితే ప్లాస్టిక్కు వాసన.

ఒకే తోలులో అన్నిచోట్లా ఒకే బలం ఉండదు. వెన్ను రెండు పక్కలా, తుంటి దాకా ఉన్నది గట్టిది. అడుగులు అక్కడే కోయాలి. పొట్ట వైపుది సాగుతుంది. దాంతో పట్టీ కోస్తే నెల తిరక్కుండా వదులై కాలు జారుతుంది. అడుగుకు నాలుగైదు మిల్లీమీటర్ల మందం, పట్టీలకు రెండు మూడు, సంచికి ఒకటిన్నర, రెండు సరిపోతుంది. మడిచి చూడండి. సన్నటి ముడత పడి, వదలగానే పోతే మంచిది. పైపొర లేచి బుడగలా విడివడితే ఆ తోలు వదిలేయండి. అద్దంలా మెరిసేదాన్ని మరీ నమ్మొద్దు. గాట్లున్న తోలును పైన చెక్కి, రంగు పులిమి, అచ్చు కొట్టి అమ్ముతారు. గోరుతో గీస్తే తెలిసిపోతుంది.

తిరగేసి చూడటం మరిచిపోవద్దు. లోపలివైపు కత్తి గాట్లు ఉంటే, బయటికి కనపడకపోయినా అక్కడే తెగుతుంది. పిడుదు మచ్చలు, ముళ్ళ గీతలు, మెడ మీద కాడి రాపిడి, జబ్బు చేసిందని పెట్టిన వాతలు, ఇవన్నీ పశువు బతికినప్పటి చరిత్ర. 2022లో దేశంలో లక్షకు పైగా పశువులను పొట్టనబెట్టుకున్న ముద్దచర్మ వ్యాధి కూడా తోలు మీద మచ్చలు మిగిలిస్తుంది. చిన్న మచ్చలను మేము తప్పు పట్టం, బలానికి నష్టం లేదు. ధర తగ్గించమని అడగండి, అంతే. రైతులకు కూడా ఒక మాట: వాతలు పెట్టొద్దు. పశువుకు బాధ, తోలుకు చేటు. పశువు చచ్చిన కబురు ఆలస్యం చెయ్యొద్దు. ఎండాకాలంలో కొద్ది గంటల్లోనే తోలు చెడటం మొదలవుతుంది. తీసిన వెంటనే తోలు బరువులో సగానికి దగ్గరగా ఉప్పు పట్టించాలి.

కొలత సంగతి. తోలును చదరపు అడుగుల్లో అమ్ముతారు, వెనకవైపు అంకె వేసి ఉంటుంది. అడుగు చదరం అట్టముక్క ఒకటి, మీ చెప్పు కొలత అట్టలు చంకన పెట్టుకుని పోండి. తోలు మీద పరిచి చూస్తే ఎన్ని జతలు తెగుతాయో అక్కడే తేలుతుంది.

మరి ఎక్కడ కొనాలి? తమిళనాట ఆంబూరు, వాణియంబాడి, రాణిపేటలో తోలు కర్మాగారాలున్నాయి. దిండిగల్, ఈరోడ్ వైపు చెక్క పదును తోళ్ళు చేస్తారు. చెన్నై పెరియమేట్‌లో అన్నీ అమ్ముతారు. కానీ ఒక్కడు రెండు తోళ్ళకోసం చెన్నై పోతే చార్జీలకే లాభం పోతుంది. పది మంది డబ్బు కలిపి, తోలు బాగా తెలిసిన ఇద్దరిని పంపితే గిట్టుబాటవుతుంది. వెన్ను భాగం ఒక్కరే పట్టుకుపోయి పొట్ట భాగం మరొకరికి అంటగట్టకుండా, తోలు పరిచి అందరి ఎదుటా పంచుకోవాలి. తగాదాలు ఇక్కడే వస్తాయి. బిల్లు తప్పక తీసుకోండి, దారిలో ఎవరు ఆపినా అదే చూపించాలి.

ఇది చందాలు వేసుకుని సర్దుకునేపాటి సమస్య కాదు. చర్మకారుల కోసమే లిడ్‌క్యాప్ సంస్థను 1973లో పెట్టారు. తోలు పరిశోధనా సంస్థ 1948 నుంచి మద్రాసులో ఉంది. ఇన్నేళ్ళయినా జిల్లా కేంద్రంలో ఒక వృత్తిదారు పోయి, తోలు తిరగేసి చూసి, ఒకే ఒక్క తోలు న్యాయమైన ధరకు కొనుక్కునే డిపో ఎందుకు లేదు? జిల్లాకొక తోలు డిపో పెట్టాలి. రకం, మందం, ధర బోర్డు మీద రాయాలి. ముక్కల మూటలు విప్పి చూపించాకే అమ్మాలి. చచ్చిన పశువుల తోలు తీసేవారికి గుర్తింపు కార్డులు, చేతి తొడుగులు, ఉప్పు ఇవ్వాలి. సంఘాలు ఈ నాలుగింటినీ కాగితం మీద పెట్టి, వృత్తిదారుల సంతకాలతో కలెక్టరుకు అందించి, అందినట్టు రసీదు తీసుకోవాలి.