ఇంటరప్టా, పోలింగా?

ఆదోని పత్తికి పేరు, ఎమ్మిగనూరు మగ్గానికి పేరు. జిన్నింగ్ మిల్లులో షాఫ్ట్ వేగాన్నో, పవర్‌లూమ్ మీద పేక దాటిన లెక్కనో చూపే చిన్న బోర్డు తయారుచేద్దామని కూర్చున్న కుర్రవాళ్లకు ముందుగా ఎదురయ్యే చిక్కు ఒకటుంది. సెన్సర్ సంగతి ప్రోగ్రామే పదేపదే చూసుకోవాలా, సెన్సర్ పిలిచినప్పుడు చేతిలో పని ఆపి పలకాలా? మొదటిది పోలింగ్, రెండోది ఇంటరప్ట్.

ఇంటరప్ట్ వైపు వాదం గట్టిదే. షాఫ్ట్‌కు 20 రంధ్రాల చక్రం బిగించి, నిమిషానికి 900 చుట్లు తిప్పితే సెకనుకు 300 పల్సులు వస్తాయి. పోలింగ్ చేసే ప్రోగ్రాం మెసేజీ పంపే జీఎస్ఎం మాడ్యూల్ జవాబు కోసం రెండు సెకన్లు ఆగిందా, 600 పల్సులు లెక్కలోకి రావు. ఆర్డునో ఊనో బోర్డులో 2, 3 నంబరు పిన్నులను ఇంటరప్టులకు వాడుకోవచ్చు. చిప్ మైక్రోసెకన్లలో స్పందిస్తుంది.

కానీ మిల్లులో కరెంటు శుభ్రంగా ఉండదు. పెద్ద మోటారు కాంటాక్టర్ పడ్డప్పుడల్లా సెన్సర్ తీగలోకి దొంగ సిగ్నల్ దూరవచ్చు. ఇంటరప్ట్ దాన్నీ పల్సుగానే లెక్కేస్తుంది. సిగ్నల్ నెమ్మదిగా వచ్చేదైతే పోలింగ్‌దే పైచేయి: మిల్లీసెకనుకోసారి చూసి, వరసగా మూడుసార్లు ఒకే స్థితి ఉంటేనే నమ్మేలా రాసుకోవచ్చు.

ఇంకో ప్రమాదం కంటికి కనిపించదు. ఊనోలోని ఏటీమెగా328పీ 8 బిట్ల చిప్. పెద్ద అంకెను బైటు తర్వాత బైటు చదువుతుంది. లెక్క 255 దగ్గర ఉండగా కింది బైటు చదివిన క్షణంలోనే ఇంటరప్ట్ వచ్చి దాన్ని 256 చేస్తే, ప్రోగ్రాంకు 511 కనిపిస్తుంది. ఎప్పుడో ఒకసారి వచ్చే ఈ తప్పును పట్టుకోవడం మహా కష్టం. చదివేటప్పుడు ఇంటరప్టులను క్షణం ఆపడమే మందు.

నా తీర్పు ఇది. వేగంగా వచ్చే పల్సులకు ఇంటరప్టే వాడాలి. అందులో లెక్క పెంచడం తప్ప మరే పనీ పెట్టకూడదు, షీల్డు కేబుల్ తప్పనిసరి. బటన్లకు, ఫ్లోట్ స్విచ్‌కు, సెకనుకు రెండు మూడు సిగ్నళ్లిచ్చే మగ్గానికి పోలింగ్ చాలు, లూప్‌లో డిలేలు లేకుంటే.

ఎమర్జెన్సీ స్టాప్‌ను మాత్రం ఈ రెండింటికీ వదలకండి. ఆ ఎర్ర బటన్ తీగ నేరుగా కాంటాక్టర్ కాయిల్ సరఫరాను తెంపాలి.