పట్టా ఉంటేనే ప్రశాంతత

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ అనగానే మనకు సినిమావాళ్ల బంగళాలే గుర్తొస్తాయి. ఆ జూబ్లీహిల్స్‌లోనే 2004 అక్టోబరులో ప్రభుత్వానికీ నక్సలైట్లకూ నాలుగు రోజులు శాంతి చర్చలు జరిగాయి. ఎస్.ఆర్. శంకరన్, కన్నబిరాన్ వంటి పెద్దలు ఏళ్ల తరబడి ఇరువైపులా నచ్చజెబితే కుదిరిన చర్చలవి. అక్కడ ముఖ్యమైన అంశం భూమి.

2005 జనవరికల్లా చర్చలు తెగిపోయాయి, తుపాకులు మళ్లీ మోగాయి. కోనేరు రంగారావు భూ కమిటీ 2006లో ఇచ్చిన నివేదిక మాత్రం మిగిలింది.

రాత్రిపూట భయం లేకుండా మడికి నీళ్లు కట్టుకోవడం, రచ్చబండ మీద కబుర్లు, సెకండ్ షో సినిమా చూసి నడిచి ఇల్లు చేరడం... పల్లెకు శాంతి అంటే ఇవే. ఇవి నిలవాలంటే దున్నేవాడి పేరు పట్టాకెక్కాలి. కమిటీ సిఫార్సులు ఏమయ్యాయని ప్రతి గ్రామసభలో అడుగుదాం.