పెద్దల చూపు సంఘం బాధ్యత కాదా?

"వయసైపోయింది కదా, చూపు ఇంతే." బళ్ళారి పక్కనున్న కప్పగల్లు వంటి ఊళ్లలో ఈ మాట తరచుగా వింటాం. పెద్దవాళ్లు అంటారు, పిల్లలు తలూపుతారు. అంతటితో సంగతి ముగిసిపోతుంది. కానీ ఈ మాట చాలావరకు నిజం కాదు.

నలభై దాటాక వచ్చే చత్వారానికి అద్దాలు చాలు. శుక్లం ముదిరితే చిన్న ఆపరేషన్‌తో తీసి లెన్స్ పెడతారు. గ్లకోమా సంగతి వేరు. చాలామందిలో నొప్పీ ఉండదు, ఎరుపూ ఉండదు. పక్కచూపును మెల్లగా తినేస్తుంది. అలా పోయిన చూపు మళ్లీ రాదు, ముందే కనిపెడితే మిగిలింది కాపాడుకోవచ్చు. షుగరు వల్ల రెటీనా దెబ్బతినడం కూడా మొదట్లో తెలియదు. సంతలో కొన్న అద్దాలు ఈ జబ్బులను పట్టలేవు. డాక్టరును అడగకుండా మెడికల్ షాపులో కొని వాడే స్టెరాయిడ్ చుక్కలు కొందరిలో గ్లకోమాను తెచ్చిపెడతాయి కూడా. అందుకే నలభై దాటినవారు రెండేళ్లకోసారి, అరవై దాటినవారూ షుగరు ఉన్నవారూ ఏటా కళ్లు పరీక్ష చేయించుకోవాలి.

ఇది ఆరోగ్యం సంగతే కాదు, న్యాయం సంగతి కూడా. ఇస్సాకు కళ్లు మందగించాయి కాబట్టే సొంత ఇంట్లోనే మోసపోయాడు. చూపు సరిగా లేని అవ్వ ఏ కాగితం మీద వేలిముద్ర వేస్తోందో, ఏ మాత్ర మింగుతోందో ఆమెకు ఎలా తెలుస్తుంది?

మన దేశంలో అంధత్వ నివారణకు జాతీయ కార్యక్రమం 1976లోనే మొదలైంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో శుక్లం ఆపరేషన్ ఉచితం. తెలంగాణలో 2018లో, ఆంధ్రలో 2019లో 'కంటి వెలుగు' పేరుతో ఊరూరా పరీక్షలు జరిగాయి. సరిహద్దుకు ఇవతల ఉన్న మన తెలుగువాళ్లకు అవి పేపర్లో చదివిన వార్తలే. బళ్ళారిలో పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. కానీ అక్కడికి వెళ్లాలంటే ఒకరోజు కూలి పోతుంది, తోడు కావాలి, కన్నడ బోర్డులు చదివి చెప్పే మనిషి కావాలి. ఇంట్లో ముందు మగవాళ్ల వంతు, ఆడవాళ్లది ఆ తర్వాతే. ఒంటరి విధవరాలికైతే వంతే రాదు.

బర్తిమయి కేకలు వేసినప్పుడు జనం ఊరుకోమని గద్దించారు. యేసు ఆగి, అతన్ని పిలవమన్నాడు. అతనికి ఏమి కావాలో అడిగాడు. మన పెద్దలు కేకలు కూడా వేయడం లేదు. మనమే ఆగి అడగాలి.

సంఘాలు చేయగలిగిన పని ఇది. నలభై దాటిన వారందరి పేర్లు రాసుకోండి. క్రైస్తవులవే కాదు, వీధిలో అందరివీ రాయండి. ఏడాదికోసారి మందిరం ఆవరణలో కంటి శిబిరం పెట్టమని తాలూకా ఆరోగ్యాధికారికి అర్జీ ఇవ్వండి. చదువురాని వారికి గుర్తులున్న చార్టుతో కూడా పరీక్ష చేస్తారని చెప్పి సిగ్గు పోగొట్టండి. ఆపరేషన్ అవసరమైన వారి ఆటో ఛార్జీకి, పోయిన కూలికి కానుకల్లోంచి కొంత తీసి పెట్టండి.

యౌవనస్థులారా, మీకు బండి ఉంది, కన్నడం వచ్చు, ఫోన్లో వివరాలు వెతకడం వచ్చు. ఈ నెలలో ఒక్క పెద్దమనిషిని కంటి పరీక్షకు తీసుకెళ్లండి. చీటీ రాయించి, వరుసలో నిలబడి, డాక్టరు చెప్పింది అర్థమయ్యేలా చెప్పి, ఇంటి దగ్గర దింపండి.